వాకిట్లో ఆడని నాటిక

మా నాటక సమాజం పుట్టి పాతికేళ్లు దాటిందని సావనీరు వేస్తున్నారు. "అక్కా, నీ జ్ఞాపకాలు రెండు పేజీలు రాసియ్యి, మంచి ఫోటో ఒకటి పంపు" అని ఫోన్ చేశారు. రాయనన్నాను. "నువ్వు లేకుండా సమాజానికి చరిత్రేముందక్కా" అన్నారు. పొగిడితే కరిగిపోయే వయసు దాటేశాను. పైగా మా సమాజం గురించి ఎవరు మంచిగా మాట్లాడినా ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. అందులో మంచి లేదని కాదు. ఉంది కాబట్టే మంట.

ఆ మంచే ముందు చెప్తాను. లేకపోతే అక్కసుతో రాసిందంటారు. అక్కసు ఉంది, దాచను. అయినా న్యాయం న్యాయమే.

మా మండలంలో ఒక హైస్కూలు డ్రాయింగ్ మాస్టారు ఈ సమాజాన్ని పెట్టారు. చిన్నా పెద్దా అందరూ ఆయన్ని అన్నా అనే పిలుస్తారు. నాటిక రాసేది ఆయనే, తెరల మీద బొమ్మలు వేసేది ఆయనే, మేం తప్పు చేస్తే చాక్‌పీసు విసిరేదీ ఆయనే. ఆయనతో పాటు చర్చిలో హార్మోనియం వాయించే పెద్దాయన, మైకూ లైట్లూ చూసుకునే ఎలక్ట్రీషియను, రైసుమిల్లు గుమస్తా ఉండేవారు. చివరగా చేరిన దాన్ని నేను. ఆదివారం ఆరాధన అయిపోయాక చర్చి వాళ్ల బడిలో ఒక గది మాకు ఇచ్చేవారు. బెంచీలు గోడకి నెట్టి రిహార్సల్ చేసుకునేవాళ్లం. పైన గోడకి సిలువ, కింద మా రాజుగారి అట్ట కిరీటం. పాస్టరుగారు పెట్టిన షరతు ఒక్కటే, గదిలో బీడీ కాల్చకూడదని. దానికి అందరికంటే ఎక్కువ బాధపడింది మా గుమస్తాగారు.

టిక్కెట్టు పెట్టి ఎన్నడూ ఆడలేదు. పిలిచిన ఊరు అన్నం పెడితే చాలు. తోటపల్లి గూడూరు దాటి సముద్రం దాకా మేము చేపల పులుసు తినని ఊరు లేదు. తుఫాను హెచ్చరిక వచ్చినా ఇల్లు వదలని ముసలామె మీద ఒక నాటిక ఆడేవాళ్లం. ఆ ముసలామె వేషం నాదే. ఒక సంవత్సరం నిజంగానే తుఫాను వస్తోందని ట్రాక్టర్లు పంపిస్తే, ఒక ఊళ్లో అందరికంటే ముందు ఎక్కి కూర్చున్నది ఓ తొంభై ఏళ్ల అవ్వ. "ఆ నాటకంలో ముసిల్దాని మాదిరి మొండికేసి నేను చావనబ్బా" అన్నదట. ఆ మాట విని అన్న వారం రోజులు నేల మీద నడవలేదు.

అంతకంటే గొప్పది మా వాకిలి పద్ధతి. దాని వెనక ఒక అవమానం ఉంది. నేను చేరకముందు, సమాజం మొదలైన కొత్తల్లో, పేకాటలో పొలం పోగొట్టుకున్న మనిషి మీద ఒక నాటిక ఆడారు. అది ఆ ఊరి మనిషి కథే. సగంలో ఆయన భార్య జనంలోంచి లేచి వేదిక మీదికి వచ్చింది. మైకు పట్టుకుని, "మా ఇంటి సంగతి ఆడేదానికి మీరెవురు? నన్నడిగినారా?" అంది. తెర వేసేశారు. మర్నాడు అన్న ఒక్కడే పోయి ఆమె వాకిట్లో నిలబడ్డాడు. కూర్చోమనేదాకా నిలబడే ఉన్నాడు. ఆ రోజు పెట్టాడు ఈ నియమం.

ఎవరి కథ అయితే వాళ్ల వాకిట్లో ముందు ఆడాలి. పట్టపగలు, రంగు లేకుండా, మైకు లేకుండా. ఇది వద్దు అని వాళ్లు ఏది కొట్టేస్తే అది పోవాలి. మొత్తం వద్దంటే మొత్తం పోవాలి. ఒప్పుకుంటే తమ ఇంట్లోంచి ఒక వస్తువు ఇస్తారు. చేతికర్రో, చెంబో, పిల్లల పలకో. నాటిక ఆడినన్నాళ్లూ అది వేదిక మీద ఉంటుంది. ఆటలు అయిపోయాక ఉతకాల్సింది ఉతికి, తోమాల్సింది తోమి, తీసుకెళ్లి ఇచ్చి రావాలి.

ఈ పద్ధతి వల్ల మంచి నాటికలు రెండు మట్టిగొట్టుకుపోయాయి. ఒకటైతే నా కెరీర్‌కే మకుటం అనుకున్నాను. వాకిట్లో ఆడి చూపిస్తే, ఆ విధవరాలు "వద్దులేయ్యా" అంది. అన్న ఆమె కళ్లముందే రాత ప్రతి చించేశాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన కాళ్లకి దండం పెట్టాలని కూడా అనిపించింది.

నేను జాకెట్లు కుట్టే మనిషిని. మాది మాగాణి చేసుకునే కుటుంబం. అప్పట్లో ఆడవేషానికి నెల్లూరు నుంచి ఎవరినో పిలిపించుకునేవారు. వాళ్లకు మా పల్లెల యాస పలకదు. నా షాపులో నేను వచ్చినవాళ్లనల్లా అనుకరించి నవ్విస్తుంటానని విని, అన్న మా ఇంటికొచ్చి మా నాన్నని అడిగాడు. "ఆడబిడ్డకి నాటకాలేందయ్యా" అన్నాడు నాన్న. "నాకు తోడబుట్టిన ఆడబిడ్డ లేదు సార్. చెల్లెలనుకుంటా" అన్నాడాయన. నాన్న ఆయన ముఖంలోకి చూసి "మాట మీద ఉండాల" అన్నాడు. ఇరవై ఏళ్లు ఉన్నాడు. నా పక్కన కూర్చుని ఎవడైనా వెకిలిగా నవ్వితే ఆ మనిషి మళ్లీ మా గదిలోకి వచ్చేవాడు కాదు. ఆ ఇరవై ఏళ్లే నన్ను గుడ్డిదాన్ని చేశాయి.

ఇక అసలు సంగతి. సముద్రం వైపు ఒక పల్లె నుంచి ఒకామె నా షాపుకి వచ్చేది. రొయ్యలు వొలిచే షెడ్డులో పని. "కుడి చెయ్యి కాస్త లూజు పెట్టు మ్మా, ఐసులో పనిజేసి సాయంత్రానికి వాస్తాది" అనేది. వేళ్లకు రొయ్యల వాసన కదా, ముఖ్యమైన మాట ఏదైనా చెప్పేముందు మణికట్టుతో మూతి తుడుచుకునేది. "అదిగాదు మ్మా" అని మొదలుపెట్టేది. భర్త పోయి చాలా ఏళ్లు. ఆమెకి ఉన్నది ఒక్క తమ్ముడు. తల్లి పోతే ఆమే సాకి పెద్ద చేసింది. వాడు రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండేవాడు.

ఒక కార్తీకంలో వానలు విపరీతంగా పడ్డాయి. ఆ గుంటల కట్టకి గండి పడి ఉప్పునీళ్లు పక్కనున్న చిన్న రైతుల మళ్లల్లోకి వచ్చాయి. నారంతా మాడిపోయింది. వానకి కట్ట తెగిందన్నారు, దేవుడి మీద వేసి ఊరుకున్నారు. అన్నకి మాత్రం నిద్ర పట్టలేదు. దీని మీద నాటిక వెయ్యాల్సిందే అన్నాడు. ఆ ఊరి మనిషి నాకు తెలుసు కాబట్టి, ఆమె దగ్గర కొన్నాళ్లు కూర్చోమని నన్ను పంపాడు. నా పని ఎప్పుడూ అదే. మనిషి పక్కన నాలుగు రోజులు కూర్చుంటే నడక, మాట, విసుగు అన్నీ నా ఒంట్లోకి వచ్చేస్తాయి.

మూడో రోజు మధ్యాహ్నం, షెడ్డు బయట ఆటో కోసం చూస్తూ రాతి మీద కూర్చున్నాం. ఆమె మూతి తుడుచుకుంది. "అదిగాదు మ్మా. గండి పడలా. కొట్టినారు. తెల్లారేతలికి మా తమ్ముడు పార భుజానేసుకుని వచ్చినాడు, మోకాళ్ల దాకా బురద. ఓనరు ఫోన్లో చెప్పినాడంట, గుంటలు పొర్లిపోతాయి, నీళ్లు మళ్లల్లోకి వదల్లేదంటే పని మానుకోమని. వాడు వణికిపోతా ఉండాడు. నేనే కాళ్లు కడిగినా" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "ఈ మాట నాకూ వాడికీ ఆ ఓనరుకీ తప్ప ఎవురికీ తెలీదు. ఊళ్లో తెలిస్తే వాడు బతకలేడు. నాటకంలో గండి పడిందనే చెప్పండి." ఒట్టు వేశాను.

ఒట్టు వేసి, ఆ ఆదివారమే అన్నకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందని ఇవాళ ఎవరైనా అనగలరు, నేనూ అనుకుంటాను. కానీ మా అలవాటు అది. తెచ్చుకున్నదంతా గదిలో పరిచి చెప్పుకోవడం, ఏది ఉండాలో ఏది పోవాలో ఆ మనిషి వాకిట్లో తేలిపోవడం. వాకిలి ఉంది కదా అన్న ధైర్యంతో అందరి గుట్లూ గదిలో చెప్పేసేవాళ్లం. ఇంతకాలం ఒక్క గుట్టూ ఆ గది దాటలేదు.

అన్న కళ్లు మెరిశాయి. "గండి దానంతటది పడితే నాటిక యాడుందమ్మా? వాన కురిసింది, నారు పోయింది, అందరూ ఏడ్చినారు. అది రేడియోలో వార్త" అన్నాడు. ఆమె వద్దందని నేను మొత్తుకున్నాను. చివరికి రెండు విధాలుగా రాశాడు. ఒకదాంట్లో గండి పడుతుంది, ఒకదాంట్లో తమ్ముడు కొడతాడు. "రెండూ ఆమె వాకిట్లో ఆడదాం. ఆమె ఏదంటే అదే" అన్నాడు. నాకు సబబుగానే తోచింది.

వాకిట్లో ఆడాల్సిన ఆదివారానికి నాకు పెళ్లిళ్ల జాకెట్లు నెత్తిమీద కూర్చున్నాయి. ఆ రోజు ఇవ్వకపోతే పెళ్లికూతుళ్ల తల్లులు షాపు పీకి పందిరేసేలా ఉన్నారు. "నువ్వు కుట్టుకో, నీ మాటలు నేను చదివేస్తాలే" అని అన్న మిగతావాళ్లని తీసుకుని వెళ్లాడు. సాయంత్రం షాపుకొచ్చాడు. చేతిలో పాత తువ్వాలు.

"ఒప్పుకునింది. రెండోదే ఆడమనింది" అన్నాడు. "ఏడ్చిందమ్మా. దాచిదాచి గుండె బరువెక్కిపోయింది, ఇంక మొయ్యలేనయ్యా అనింది. ఇది తమ్ముడి తువ్వాలే. తీసకపొమ్మనింది."

తువ్వాలు అందుకుని నేనూ ఏడ్చాను. ఒక్క ఫోన్ చేసి "నిజమేనా అక్కా" అని అడగొచ్చు. అడగలేదు. అన్న మాటని ఇంకొకరి దగ్గర సరిచూసుకోవడం నా నోటికి రాని పని.

మొదట ఆడింది నాటక పరిషత్తు పోటీల్లో, ఎక్కడో ఉత్తరాన, మా జిల్లాకి చాలా దూరం. పెద్ద హాలు, ఎదురుగా ముగ్గురు న్యాయనిర్ణేతలు. మాది సాయంత్రం మొదటి నాటిక. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు. ఆమె మాదిరే నడిచాను. ఆమె మాదిరే మణికట్టుతో మూతి తుడుచుకుని "అదిగాదు మ్మా" అన్నాను. తమ్ముడి తువ్వాలు ఒళ్లో పెట్టుకుని గండి సంగతి చెప్పాను. ఉత్తమ ప్రదర్శన మాదే, ఉత్తమ నటి నేనే. అన్న షీల్డు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. దానికోసం ఆయన ఎన్నేళ్లు ఎదురుచూశాడో నాకు తెలుసు. నిజం చెప్తున్నాను, ఆ రోజంత సంతోషం నాకు పెళ్లిరోజున కూడా లేదు.

ఇంటికొచ్చిన రెండోనాడు తువ్వాలు ఉతకడానికి కూర్చున్నాను. నేనే పట్టుకెళ్లి ఇచ్చి, బహుమతి వచ్చిందని ఆమెకి చెప్పాలని ఆశ. వేడినీళ్లలో సబ్బు వేసి నానబెట్టాను. కాసేపటికి చూస్తే బకెట్టు నిండా గోధుమరంగు నీళ్లు.

ఆ రంగు నాకు తెలుసు. కొత్త గుడ్డని వేదిక మీద పాతదిగా చూపించాలంటే చిక్కటి టీ డికాషన్‌లో ముంచి, పిండకుండా ఆరేస్తాం. నాకు నేర్పింది అన్నే. రాళ్లతో అంచులు రుద్దడం కూడా ఆయనే నేర్పాడు. తువ్వాలు తీసి దులిపాను. తెల్లగా తేలింది. ఒక మూల షాపు వాడు ధర కాగితం అంటించిన జిగురు ఇంకా అలాగే ఉంది. ఆ బకెట్టు ముందు ఎంతసేపు కూర్చున్నానో. మా ఆయన వచ్చి "ఎవరన్నా పోయినారా?" అని అడిగాడు.

ఆదివారం దాకా ఆగలేకపోయాను. ఆ పొద్దే అన్న ఇంటికి పోయి తడి తువ్వాలు ఆయన ఒళ్లో వేశాను. చూసి, తల దించుకున్నాడు. బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించలేదు. అది ఇంకా దారుణం.

"వాకిట్లో ఆడినారా లేదా?"

"ఆమె ఇంటిదాకా పోలేదు."

"ఎందుకు పోలేదు?"

"పోతే వద్దంటాది గదమ్మా" అన్నాడు. "నిజమే గదా ఆడినాం? అంతమంది రైతుల నోట్లో మట్టి కొట్టినోడి సంగతి ఒక్కామె కోసం దాచిపెడితే అదేం నాటకం?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పుంటే చేసుండేదానివా?"

"చేసుండను."

"అందుకే చెప్పలా."

కంచే చేను మేయడమంటే విన్నాను గానీ, కంచె కట్టిన చెయ్యే చేను కోసుకుపోవడం అప్పుడే చూశాను. ఆయన రైతుల గురించి అన్నది అబద్ధం కాదు. ఆ మాటే వాకిట్లో ఆమెతో అని ఉంటే, ఆమెతో పోట్లాడి ఒప్పించి ఉంటే, నేను ఆయన వెంటే ఉండేదాన్ని. రైతుల బాధ అప్పటికప్పుడు గుర్తొచ్చిన మనిషి, ఆ నాటిక ఆ రైతుల ఊళ్లో ఆడకుండా షీల్డు ఇచ్చే ఊళ్లో ఎందుకు ఆడాడు? అదే అడిగాను.

మిగతావాళ్లకి తెలుసా అని కూడా అడిగాను. తెలుసట. ముగ్గురికీ తెలుసు. ఆ ఆదివారం నలుగురూ కలిసి నెల్లూరుకి పోయి తువ్వాలు కొన్నారు. హార్మోనియం పెద్దాయన ఎదురైతే, "తప్పే తల్లీ, ప్రార్థనలో ఒప్పుకున్నాను" అన్నాడు. దేవుడి దగ్గర ఒప్పుకున్నాడు, నా దగ్గర కాదు. ఇరవై ఏళ్లు నేను పచ్చడి కలిపి ముద్దలు పెట్టిన చేతులవి. ఒక్కరికీ నోరు రాలేదు. ఉత్తమ నటి అని మైకులో పిలిచినప్పుడు నలుగురూ లేచి చప్పట్లు కొట్టారు.

నేను తెలుసుకునేలోపే జరగాల్సింది జరిగిపోయింది. మా ఎలక్ట్రీషియను సంబరం పట్టలేక నాటిక మొత్తం వీడియో మండలం వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. "మన నటి, మన ఊరి మాట, చూడండి" అని రాసి మరీ పెట్టాడు. రెండు రోజుల్లో అది ఆ పల్లె చేరింది. నాటికలో ఊరి పేరు లేదు, మనుషుల పేర్లు లేవు. ఏమీ అక్కర్లేకపోయింది. నేను తెర మీద నాలుగు అడుగులు వేసేసరికే చూసినవాళ్లు ఆమె పేరు అనేశారట.

రైతులు గుంటల దగ్గరికి పోయారు. ఓనరు నాకేం తెలీదన్నాడు, కాపలావాడు తాగి కొట్టుంటాడన్నాడు, ఆ పూటే వాణ్ణి పనిలోంచి తీసేశాడు. గండి కొట్టించినవాడు గుంటలతో సహా క్షేమం. కొట్టినవాడికి ఊళ్లో ఎవరూ మంచినీళ్లు ఇవ్వలేదు. వాడు పెళ్లాం పిల్లల్ని తీసుకుని సూళ్లూరుపేట వైపు ఎక్కడికో పోయాడని విన్నాను.

ఆమె దగ్గరికి పోవడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ధైర్యం చాలక కాదు, ముఖం చాలక. మధ్యాహ్నం షెడ్డు వదిలే వేళకి పోయాను. తోటి ఆడవాళ్లకి దూరంగా ఒక్కతే నిలబడి ఉంది. నన్ను చూసి తిట్టలేదు. తిడితే బావుండేది. అక్కడికక్కడే మొత్తం చెప్పాను. వాకిట్లో ఆడారని నన్ను నమ్మించడం, తువ్వాలు, టీ రంగు, అన్నీ. నన్నూ మోసం చేశారక్కా అన్నాను. ఆ మాట నా చెవికే చిన్నగా వినపడింది.

"నిన్నెవురో మోసం జేసినారు, సరే. నేను ఆ మాట చెప్పింది వాళ్లకి గాదు గదా మ్మా, నీకు" అంది.

తర్వాత ఆమే చెప్పింది.

"వాడు పోయే ముందర నా దగ్గరికి వచ్చినాడు. ఫోన్లో నీ ఆట చూపించినాడు. అరవలా. 'అక్కా, ఇది నువ్వే గదా, నడిచేది నువ్వే, మాట్లాడేది నువ్వే. నువ్వు దగ్గర కూర్చోని నేర్పించకపోతే ఆమెకి ఇంత బాగా ఎట్టొస్తాది' అన్నాడు. నేను చెప్పలేదు రా అని ఎట్టనేది? చెప్పినా గదా. బిడ్డల్ని నా చేతికి ముట్టనీకుండా తీసకపోయినాడు."

నేను సూళ్లూరుపేట పోతానన్నాను. వాణ్ణి వెతికి పట్టుకుని, తప్పు నీ అక్కది కాదు, నాది, మా వాళ్లది అని కాళ్లు పట్టుకుని చెప్తానన్నాను. ఆటో వచ్చి ఆగింది. తోటివాళ్లు ఎక్కారు. ఆమె ఒక కాలు లోపల పెట్టి నా వైపు తిరిగింది.

"నువ్వు మాత్రం పోవద్దు మ్మా" అంది. "నువ్వు నోరు తెరిస్తే వాడికి నేనే కనపడతా."